యాభై దాటాక టూర్ ప్లాన్ చేసుకోవడం ఎలా? బెంగళూరు నుంచి బయలుదేరేవారికి

"మాకు యాభై దాటింది. ఇద్దరమే ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం. ఏ ఊరైతే బాగుంటుంది?" మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పిల్లలు స్థిరపడ్డారు, ఇన్నేళ్లు వాయిదా వేసిన ప్రయాణాలన్నీ ఇప్పుడు చేసేయాలని ఉంటుంది. అందరూ ముందు ఊరి పేరే అడుగుతారు. నేను మాత్రం ఊరు తర్వాత చూద్దాం అంటాను. మీ రోజు ఎలా గడవాలో ముందు తేల్చుకోండి. ఎంతసేపు నడవగలరు, ఎన్ని గంటలు కూర్చోగలరు, రాత్రి నిద్ర ఎలా పడుతుంది అన్నవి తేలాయంటే ఊరు ఎంచుకోవడం సులువు.

50 నుంచి 60 మధ్య ఇంకో చిక్కు ఉంది. రైల్వే లెక్కలో మగవాళ్లు 60 నిండేదాకా సీనియర్ సిటిజన్ కారు. తిరుమలలో వృద్ధుల దర్శనం కోటా 65 నిండినవారికే. రైల్లో సీనియర్లకు ఇచ్చే చార్జీ రాయితీ అయితే 2020 మార్చిలో ఆగిపోయింది, ఆ తర్వాత తిరిగి రాలేదు. అంటే ఈ వయసులో మీ సౌకర్యం మీరే ముందుగా చూసుకోవాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇద్దరి ఆధార్, ఐఆర్‌సీటీసీ ఖాతా. ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ చేసి ఉంచండి.
- వాడుతున్న మందుల ప్రిస్క్రిప్షన్, ఈ మధ్య చేయించిన పరీక్షల రిపోర్టులు
- నడకకు అలవాటైన పాత బూట్లు. ప్రయాణం కోసం కొత్తవి కొనకండి. కొని ఉంటే కనీసం మూడు వారాలు రోజూ తొడుక్కుని నడవండి.
- మందంగా ఉండే కాటన్ సాక్సులు రెండు జతలు. ఎందుకో కింద చెప్తాను.
- ఒక నోటు పుస్తకం

1. మీ రోజు కొలుచుకోండి

పొద్దున్నే లాల్‌బాగ్‌కు వెళ్లండి. ప్రయాణంలో వేసుకోబోయే బూట్లతో, భుజాన వేసుకోబోయే బ్యాగుతోనే వెళ్లండి. తోటలో తీరిగ్గా ఒక చుట్టు తిరిగి, కెంపేగౌడ గోపురం ఉన్న ఆ పెద్ద బండ ఎక్కి దిగండి. దిగేటప్పుడు మోకాళ్లమీద ధ్యాస పెట్టండి. ఎక్కడం ఆయాసాన్ని బయటపెడుతుంది, దిగడం మోకాళ్ల సంగతి బయటపెడుతుంది.

అసలు పరీక్ష రెండో రోజు. మర్నాడు పొద్దున అదే నడక మళ్లీ నడవండి. మొదటి రోజు ఉత్సాహంలో ఎవరైనా నడిచేస్తారు. రెండో రోజు మంచం దిగగానే పిక్కలు పట్టేసినా, మెట్ల దగ్గర గోడ పట్టుకోవాల్సి వచ్చినా మీ ప్లాన్‌లో రోజుకు సగం నడకే పెట్టుకోవాలి. ఇద్దరిలో ఎవరు తక్కువ నడవగలరో వాళ్ల లెక్కే ఇద్దరి లెక్క. భార్యాభర్తల మధ్య సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి కాబట్టి ఈ మాట ముందే అనుకోండి.

నడుస్తుంటే గుండెలో పట్టేసినట్టు అనిపించినా, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చినా టికెట్ల మాట పక్కన పెట్టి ముందు డాక్టర్‌ను కలవండి.

2. ఇప్పుడు ఊరు ఎంచుకోండి

పొద్దున ఒక పెద్ద చోటు చూడటం, మధ్యాహ్నం భోంచేసి గదిలో నడుం వాల్చడం, సాయంత్రం తేలికగా ఒక చిన్న చోటు. రోజుకు ఇంతే. ఒక గదిలో కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. రోజూ సామాను సర్దడం, దించడం, ఎక్కించడం నడక కంటే ఎక్కువ అలసట తెస్తుంది.

మొదటిసారి వెళ్తుంటే ఒక్క రోజు ప్రయాణంతో మొదలుపెట్టండి. నా ఓటు లేపాక్షికి. హైదరాబాద్ హైవే మీద కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర తిరగాలి, మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. నంది, గుడి రెండూ దగ్గర దగ్గరే. గుడి తక్కువ ఎత్తు బండ మీద ఉంది కాబట్టి పెద్దగా ఎక్కేదేమీ లేదు. మండపం పైకప్పుకు ఉన్న విజయనగర కాలపు బొమ్మలను చాలామంది నిలబడి తల వెనక్కి వాల్చి చూస్తారు. మెడ నరాల నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. నేల మీద కూర్చుని వెనక్కి చేతులు ఆనించి చూడండి. మెడకు శ్రమ తగ్గుతుంది, బొమ్మలు కూడా తీరిగ్గా కనిపిస్తాయి.

మూడు రోజులకైతే హాసన్‌లో దిగండి. బెంగళూరు నుంచి సుమారు 185 కిలోమీటర్లు, రైలూ ఉంది, బస్సులూ ఉన్నాయి. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన హొయ్సళ ఆలయాల్లో బేలూరు, హళేబీడు రెండూ హాసన్‌కు దగ్గరే. బేలూరు 40 కిలోమీటర్లలోపే, అక్కడి నుంచి హళేబీడు 16. చాలామంది ఈ రెండింటికీ శ్రావణబెళగొళ కలిపి ఒక్క రోజులో చుట్టేస్తారు. అలా చేయకండి. శ్రావణబెళగొళలో గోమటేశ్వరుడి దగ్గరికి బండలోనే తొలిచిన మెట్లు ఆరు వందలకు పైగా ఉన్నాయి, అవీ చెప్పులు లేకుండా ఎక్కాలి. ఎండెక్కాక ఆ బండ మీద అరికాలు ఆనించలేం. సాక్సులు తెచ్చుకోమన్నది ఇందుకే. శ్రావణబెళగొళకు ఒక పొద్దు పూర్తిగా ఇవ్వండి, ఎండ రాకముందే ఎక్కి దిగేయండి. మోకాళ్లు సహకరించకపోతే డోలీ మోసేవాళ్లు ఉంటారు, కింద ముందే బేరం మాట్లాడుకోండి. ఎక్కాలని లేకపోతే కిందే ఉండి ఊళ్లోని కోనేరు, బసదులు (జైన ఆలయాలు) చూసి వచ్చినా తప్పులేదు.

హళేబీడు గుడి చుట్టూ నక్షత్రం ఆకారంలో అరుగు ఉంటుంది. గోడమీది శిల్పాలు చూస్తూ ఆ అరుగు మీదే చుట్టూ తిరగాలి, అక్కడా చెప్పులు విప్పాల్సిందే. మిట్టమధ్యాహ్నం వెళ్తే శిల్పం చూడటం మాని నీడ వెతుక్కుంటూ అడుగులు వేయాల్సి వస్తుంది. ఏనుగుల వరసా, దాని పైన సింహాల వరసా కళ్లముందే ఉన్నా కాలు నిలవదు. పొద్దున తొమ్మిదిలోపు గానీ, నాలుగు తర్వాత గానీ వెళ్లండి. బేలూరు చెన్నకేశవ ఆలయంలో ఇప్పటికీ పూజలు జరుగుతాయి. మధ్యాహ్నం గర్భగుడి మూస్తారు కాబట్టి వేళలు ముందే కనుక్కోండి.

హంపి అందరికీ ఇష్టమే. అయితే అది ఒక గుడి కాదు, ఒక మహానగరం శిథిలాలు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, కనీసం రెండు పొద్దులు పెట్టుకోండి, హోసపేటలో దిగండి. విఠ్ఠలాలయం దగ్గర పార్కింగ్ నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లు నడుస్తాయి. మతంగ కొండ వదిలేయొచ్చు.

ఇక ఎత్తు ప్రదేశాలు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ దాదాపు 3,500 మీటర్లు, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. లేహ్‌కు విమానంలో వెళ్తే కొన్ని గంటల్లోనే అంత ఎత్తుకు చేరతాం. మొదటి రెండు రోజులు విశ్రాంతి తప్ప ఇంకేమీ పెట్టుకోకండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం ఎత్తు పడకపోవడానికి గుర్తులు. తగ్గకుండా పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి. ఎవరో చెప్పిన మాత్ర కొని వేసుకోకండి. మీ గుండె, కిడ్నీ, మీరు వాడే మందులు తెలిసిన డాక్టరే ఆ మాత్ర చెప్పాలి. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్‌లోనే కొనండి. వాట్సాప్‌లో వచ్చే లింకుకు డబ్బు పంపితే పోయినట్టే.

3. డాక్టర్‌ను కలవండి, మందులు సర్దుకోండి

బయలుదేరడానికి నెల ముందే కలవండి. మందు మారిస్తే శరీరానికి పడిందో లేదో ఇంట్లో ఉండగానే తెలియాలి. ఎక్కడికి వెళ్తున్నారో, రోజుకు ఎంత నడుస్తారో, ఎన్ని గంటలు కూర్చుంటారో చెప్పండి.

మందులు మొత్తం ప్రయాణానికి కావాల్సిన వాటికంటే వారం రోజులవి ఎక్కువ తీసుకోండి. రెండు భాగాలు చేసి ఇద్దరి చేతి బ్యాగుల్లో చెరొకటి ఉంచండి. సూట్‌కేసులో పెట్టొద్దు. స్ట్రిప్పుల మీద మందు పేరు, గడువు తేదీ కనిపించేలా ఉంచండి. డబ్బాలో విడి మాత్రలుగా పోసుకుంటే అవసరమైనప్పుడు అక్కడి డాక్టర్‌కు ఏది ఏమిటో చెప్పలేరు. ఇన్సులిన్ వాడేవారు విమానంలో దాన్ని చేతి బ్యాగులోనే ఉంచాలి. కింద సామాను అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టింది మళ్లీ వాడకూడదు. ఆపి ఉంచిన కారులోనూ వదిలేయకండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. దారిలో బాత్రూం దొరకదన్న టెన్షన్‌తో నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్ర కూడా వేసుకోరు. ముఖ్యంగా ఆడవాళ్లు. రెండు రోజులు అలా చేస్తే కళ్లు తిరుగుతాయి, బీపీ అదుపు తప్పుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. మాత్ర మానకండి, వేసుకునే వేళ మార్చుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. కారులో వెళ్తే రెండు గంటలకోసారి ఆగుతామని డ్రైవర్‌కు బయలుదేరే ముందే చెప్పండి. ఆగినప్పుడు ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా తగ్గుతుంది.

4. రైలు టికెట్

రిజర్వేషన్ ప్రయాణం రోజు కాక 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబర్ దాకా ఇది 120 రోజులు. పాత లెక్క మనసులో పెట్టుకుని నాలుగు నెలల ముందు వెతికి, బుకింగ్ లేదనుకుని వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. క్యాలెండర్‌లో ఆ తేదీ గుర్తు పెట్టుకోండి.

లోయర్ బెర్త్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఐఆర్‌సీటీసీలో "లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్" అనే కోటా ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండాలి. టికెట్ మీద ఒక్కరే గానీ, ఈ అర్హత ఉన్న ఇద్దరే గానీ ఉండాలి. ఇద్దరిలో ఒకరికి అర్హత లేకపోయినా, మొత్తం ముగ్గురైనా ఆ కోటా వర్తించదు. మా బాబాయికి 58, పిన్నికి 54. ఇద్దరికీ కలిపి ఒకే టికెట్ ఈ కోటాలో తీయడం కుదరదు. పిన్నికి విడిగా తీస్తే కుదురుతుంది.

ఇలా చేయండి. ముందు ఆవిడ టికెట్ ఈ కోటాలో తీయండి. వచ్చిన కోచ్ నంబర్ చూసుకుని, ఆయన టికెట్ జనరల్ కోటాలో తీస్తూ ఇష్టమైన కోచ్ గడిలో అదే నంబర్ వేయండి. ఖాళీ ఉంటే అదే కోచ్‌లో వస్తుంది, వస్తుందన్న హామీ లేదు. విడివిడిగా కూర్చోవడం ఇష్టం లేకపోతే ఒకే టికెట్ జనరల్‌లో తీసి, కనీసం ఒక లోయర్ బెర్త్ వస్తేనే బుక్ అయ్యే ఎంపిక పెట్టండి. అది కూడా దొరకకపోతే రాత్రి రైలు మాని పగటి రైలు చూడండి. వందే భారత్ లాంటి చైర్ కార్ రైళ్లలో బెర్త్ గొడవే ఉండదు. యశ్వంతపుర నుంచి కాచిగూడకు అలా వెళ్లొచ్చు. యశ్వంతపుర నుంచి మంగళూరు వెళ్లే పగటి రైలుకు విస్టాడోమ్ కోచ్ ఉంది, సకలేశపుర ఘాట్ అద్దాల్లోంచి చూస్తూ వెళ్లొచ్చు. అది నడిచే రోజులు ముందే చూసుకోండి.

జాగ్రత్త: ఆటో అప్‌గ్రేడ్ గడిలో టిక్ ఉంటే తీసేయండి. పై తరగతికి మారడం బాగానే ఉంటుంది, కానీ చేతిలో ఉన్న లోయర్ బెర్త్ పోయి అప్పర్ రావచ్చు. తత్కాల్ మీద ఆశ పెట్టుకోకండి, అందులో ఈ కోటా ఉండదు.

బుక్ అయ్యాక ఏ స్టేషన్ అన్నది మళ్లీ చదవండి. బెంగళూరులో ఇది నిజంగా పెద్ద సమస్య. మెజెస్టిక్‌లో ఉన్నది కేఎస్ఆర్ బెంగళూరు. బైయప్పనహళ్లి దగ్గర 2022లో మొదలైనది ఎస్ఎంవీటీ బెంగళూరు. యశ్వంతపుర వేరు, కంటోన్మెంట్ వేరు. ఎస్ఎంవీటీ రైలుకు మెజెస్టిక్ వెళ్లినవాళ్లు సాయంత్రం ట్రాఫిక్‌లో మళ్లీ ఇటు వచ్చి రైలు అందుకోవడం దాదాపు అసాధ్యం. మెజెస్టిక్‌కూ యశ్వంతపురకూ మెట్రోలో చేరవచ్చు. ఎస్ఎంవీటీకి మాత్రం మెట్రో దిగాక ఆటో పట్టాలి, సామానుతో నడిచే దూరం కాదు. వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లు తమ రైలు కృష్ణరాజపురంలో ఆగుతుందేమో చూడండి. ఆగితే ప్రయాణానికి 24 గంటల ముందే బోర్డింగ్ స్టేషన్ ఆన్‌లైన్‌లో మార్చుకోండి. మార్చాక మాత్రం మొదటి స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదు.

విమానమైతే మొదటి టెర్మినలా, రెండోదా చూసుకోండి. వీల్‌చైర్ కావాలంటే టికెట్ తీసేటప్పుడే అడగండి. ఎక్కువ దూరం నడవలేనివాళ్లు మొహమాటపడాల్సిన పని లేదు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి.

కర్ణాటకలో ఉండే ఆడవాళ్లకు శక్తి పథకం కింద రాష్ట్రం లోపల ప్రభుత్వ మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఏసీ, స్లీపర్ బస్సులకు ఇది వర్తించదు. కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్రా అడ్రస్‌తో ఉన్న ఆధార్ పనికిరాదు.

5. గది బుక్ చేసే ముందు ఫోన్ చేయండి

ఆన్‌లైన్ ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. నేరుగా ఫోన్ చేసి అడగండి: గది కింది అంతస్తులో ఉందా, లేకపోతే లిఫ్ట్ ఉందా? బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్ ఉందా, నేల జారుతుందా? వేణ్నీళ్లు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వస్తాయి? రాత్రి భోజనం ఎన్నింటికి పెడతారు? షుగర్ ఉన్నవాళ్లకు ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. చిక్కమగళూరు, కొడగు హోంస్టేలైతే ఇంకో రెండు అడగండి. కారు గుమ్మం దాకా వస్తుందా, ఆఖరి దారి జీపులోనా? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? నడుం నొప్పి ఉన్నవాళ్లకు తోటల్లోని ఆ రెండు మూడు కిలోమీటర్ల జీపు దారి టూర్ మొత్తాన్ని పాడు చేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ జోరు వానలు, జలగలు ఉంటాయి.

6. ప్యాకేజీలో వెళ్తుంటే

కాశీ, అయోధ్య, జ్యోతిర్లింగాలకు ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్లు, ప్రైవేటు ఏజెన్సీల గ్రూపులు ఈ మధ్య బాగా పెరిగాయి. ఆడవాళ్లు మాత్రమే కలిసి వెళ్లే గ్రూపులూ ఉన్నాయి. వంట, భాష, దారి గురించి బెంగ ఉండదు కాబట్టి మంచి పద్ధతే. అయితే కరపత్రంలో ఊళ్ల సంఖ్య చూసి మురిసిపోకండి. రోజువారీ పట్టిక తీసుకుని ప్రతి రోజు పక్కన మూడు అంకెలు రాయండి: బస్సులో ఎన్ని గంటలు, పొద్దున ఎన్నింటికి లేవాలి, రాత్రి ఎన్నింటికి గది చేరతాం. వరసగా రెండు రోజులు నిద్రకు ఆరు గంటలు కూడా మిగలకపోతే ఆ ప్యాకేజీ వద్దు. స్టాండర్డ్, కంఫర్ట్ అనే పేర్లకు ఏ కోచ్, ఏ గది వస్తాయో రాతపూర్వకంగా అడగండి. ఒక పూట తిరగకుండా గదిలో ఉండిపోవచ్చా అని కూడా అడగండి. వాళ్లు విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

7. కాగితాలు, డబ్బు

ఇద్దరి పేర్లు, బ్లడ్ గ్రూప్, జబ్బులు, మందులు, పడని మందులు, పిల్లల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి ఇద్దరి పర్సుల్లో పెట్టండి. యూపీఐ ఒక్క ఫోన్‌లోనే ఉంటే అది పోయిన రోజు చేతులు కట్టేసినట్టవుతుంది. నగదు కొంత, కార్డు ఒకటి రెండో బ్యాగులో ఉండాలి. రైల్లో ఇబ్బందికి 139, ఎక్కడైనా అత్యవసరానికి 112. విదేశాలకైతే పాస్‌పోర్ట్ గడువు ఇంకా ఆరు నెలలకు పైగా ఉండాలి. ప్రయాణ బీమాలో బీపీ, షుగర్ దాచకుండా చెప్పండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

8. ప్లాన్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బయలుదేరే ముందు రెండు పరీక్షలు చేయండి. సామాను అంతా సర్దాక ఎవరి బ్యాగు వాళ్లే ఎత్తి రెండు అంతస్తులు ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే బట్టలు తగ్గించండి, మందులు కాదు. తర్వాత మీ ప్లాన్ కాగితం ఇంట్లో పిల్లలకు ఇచ్చి ఏ రోజు ఎక్కడ ఉంటారో చెప్పమనండి. వాళ్లకు అర్థం కాకపోతే ప్లాన్ చిందరవందరగా ఉన్నట్టు.

ప్రయాణంలో రెండో రోజు సాయంత్రం మీకు అసలు పరీక్ష. ఇద్దరూ కూర్చుని అడగండి: రాత్రి నిద్ర పట్టిందా? పాదాలు వాచాయా? మందులు వేళకు పడ్డాయా? రేపటి చోటు చూడాలని నిజంగా ఉందా? రెండింటికి జవాబు తేడాగా వస్తే మర్నాడు ఒక చోటు తీసేయండి. ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే, ఊపిరి ఆడనట్టు ఉంటే అది అలసట కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తిరిగి వచ్చాక రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. బీపీ, షుగర్ చూసుకుని నోటు పుస్తకంలో రాయండి. ఏ రోజు ఎక్కువ నడిచారు, ఏ గది బాగుంది, ఏ పూట భోజనం ఆలస్యమైంది, ఏ వస్తువు సంచీలోంచి బయటికే తీయలేదు అన్నవీ రాయండి. తర్వాతి ప్రయాణానికి మీ రోజు కొలత ఈ పేజీ నుంచే మొదలవుతుంది. హాసన్ మూడు రోజులు హాయిగా గడిస్తే అప్పుడు హంపి, అది కూడా బాగుంటే కాశీకి 60 రోజుల లెక్క వేసుకోండి.